బ్యాంకులోకి వెళ్లిన మన పిల్లవాడు

మే నెల మొదటి ఆదివారం. కోలార్ బంగారు గనుల ప్రాంతంలోని మన సంఘాల్లో ఒకదానిలో సాక్ష్యాల సమయం. ఒక తల్లి లేచి నిలబడి, తన కుమారునికి బెంగళూరులో ఒక పెద్ద బ్యాంకులో పని దొరికిందని, దేవుడు చేసిన మేలుకు స్తోత్రం చెల్లిస్తున్నానని చెప్పింది. సంఘమంతా స్తోత్రం అన్నది. వెనుక బెంచీల్లో యౌవనస్థులు చప్పట్లు కూడా కొట్టారు.

ఇంజనీరింగ్ మూడో సంవత్సరం ముగించిన ఆ అబ్బాయికి దొరికింది నిజానికి ఉద్యోగం కాదు, పది వారాల వేసవి ఇంటర్న్‌షిప్. అది కూడా కౌంటర్లో కాదు, టెక్నాలజీ విభాగంలో. ఆ తేడా తల్లికి చెప్పాడట. ఆమెకు ఎంతవరకు అర్థమయిందో గానీ ఆమె సంతోషానికి అది అడ్డు రాలేదు. మాకూ రాలేదు.

ఆరాధన అయ్యాక బయట, ఇడ్లీల బండి నడుపుకునే ఒక పిన్నమ్మ ఆ అబ్బాయిని ఆపింది. "నాయనా, నువ్వు బ్యాంకులో చేరినావంట గదా. నా లోను ఎందుకు ఇయ్యలేదో ఆడ పెద్దోళ్లను రోంత అడగరాదా?"

"అది వేరే బ్యాంకు పిన్నమ్మా. నాది కంప్యూటర్ పని."

"అన్నీ కంప్యూటర్లోనే గదా ఉండేది. నా పేరు ఆడ ఉంటాది, చూడు నాయనా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మేమూ నవ్వాం. తరువాత ఆలోచిస్తే, ఆ చెట్టు కింద నిలబడిన వాళ్లందరిలో నేటి బ్యాంకును సరిగ్గా అర్థం చేసుకున్నది ఆమె ఒక్కతే అనిపించింది. పేరు ఏ బ్యాంకులో ఉన్నా, అప్పు ఇచ్చే ముందు అన్ని బ్యాంకులూ చూసేది ఒకే తరహా చిట్టా. 2000లో మొదలైన సిబిల్, దానితోపాటు మరికొన్ని సంస్థలు, మన అప్పుల చరిత్రను పోగు చేసి 300 నుండి 900 లోపు ఒక అంకె కడతాయి. ఆ అంకెను, మరికొన్ని వివరాలను కంప్యూటర్‌లోని నియమాలు చూసి, అవునో కాదో చెబుతాయి. బ్రాంచి మేనేజర్ ముఖం చూసే అవసరం కూడా చాలాసార్లు ఉండదు. పిన్నమ్మ పేరు నిజంగానే 'ఆడ' ఉంది. ఆ 'ఆడ'కే మన పిల్లవాడు పనికి వెళ్లాడు. ఈ నెల సంపాదకీయం అందుకే.

ఆ అబ్బాయి ప్రయాణం కొంచెం చెప్పాలి. బెంగళూరులో గది అద్దెకు కావాలంటే కొన్ని నెలల అద్దె ముందే అడ్వాన్సుగా కట్టాలి. ఇంటర్న్‌షిప్ భత్యం నెలాఖరుకు గానీ రాదు. కాబట్టి మారికుప్పం రైలే గతి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన నాటినుండి ఈ ఊరి బతుకు ఆ రైలు పెట్టెల్లోకి ఎక్కింది. తెల్లవారక ముందే బయలుదేరి, చీకటి పడ్డాక దిగేవాళ్లు వేలల్లో ఉన్నారు. అతని తండ్రి సెక్యూరిటీ గార్డుగా ఏళ్ల తరబడి అదే రైల్లో తిరుగుతున్నాడు. ఈ వేసవిలో తండ్రీకొడుకులు ఒకే పెట్టెలో వెళ్లారు. కొడుకు కె.ఆర్.పురంలో దిగి, బస్సెక్కి, ఔటర్ రింగ్ రోడ్డు మీది అద్దాల భవనానికి చేరేవాడు. తండ్రి ఇంకొక భవనం గేటు దగ్గర నిలబడేవాడు. ఒకసారి మాటల్లో ఆ తండ్రి అన్నాడు: "అయ్యగారూ, నేను గేటు తీస్తా, వాడు లోపలికి పోతాడు. దేవుని కృప."

తాత చాంపియన్ రీఫ్ గనిలో పని చేసినవాడు. భూమికి మూడు కిలోమీటర్లకు పైగా లోతు పోయిన గని అది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడ పని మొదలుపెట్టిన తరువాత చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుండి తెలుగు, తమిళ కూలీలు తరలివచ్చారు. వారిలో ఎక్కువమంది ఊరి చివరి వాడల వారే. ఈ ప్రాంతపు తెలుగు సంఘాలు పుట్టింది వారి లైన్లలోనే. 1930లో కంపెనీ కూలీల వేలిముద్రలు నమోదు చేయబోతే పనివాళ్లు ఒప్పుకోక సమ్మె కట్టారు. మా వేలు మీ పుస్తకంలో ఎందుకు, దాంతో మీరేం చేస్తారు అన్నది ఆనాటి ప్రశ్న. చదువు రానివాళ్లు అడిగిన ప్రశ్న అది. వారి మునిమనుమడు మే నెలలో మొదటి రోజు వేలు ఆనించి అద్దాల తలుపు తెరుచుకుని లోపలికి నడిచాడు. కాలం మారింది, తప్పు పట్టడం లేదు. ఆ ప్రశ్న మాత్రం మారలేదని మా అభిప్రాయం.

ఈ ఇంటర్న్‌షిప్‌లు ఎవరికి వస్తాయి? బెంగళూరు, హైదరాబాద్, చెన్నై, ముంబయి, పుణెల్లో మన దేశపు బ్యాంకులకే కాదు, జేపీ మోర్గాన్, గోల్డ్‌మాన్ శాక్స్ వంటి విదేశీ సంస్థలకూ పెద్ద టెక్నాలజీ కేంద్రాలు ఉన్నాయి. మూడో సంవత్సరం విద్యార్థులకు ఆన్‌లైన్‌లో కోడింగ్ పరీక్ష పెడతారు, ఆ తరువాత ఇంటర్వ్యూలు. వేసవిలో ఎనిమిది, పది వారాల పని. బాగా చేసినవారికి చదువు ముగియక ముందే ఉద్యోగం ఖాయం చేస్తారు. దాన్నే పిల్లలు పీపీఓ అంటారు. అంటే ఉద్యోగపు అసలు తలుపు ఇప్పుడు చివరి సంవత్సరంలో కాదు, మూడో సంవత్సరం వేసవిలోనే తెరుచుకుని మూసుకుంటోంది. ఈ సంగతి రాబర్ట్‌సన్‌పేటలో గానీ, ధారావిలో గానీ, బరంపురంలో గానీ, యానాంలో గానీ ఇంటర్ చదువుతున్న మన పిల్లల్లో ఎందరికి తెలుసు? కంపెనీలు తమకు తెలిసిన కాలేజీలకే వెళతాయి. తెలియని కాలేజీలో చేరినవాడికి ఆ తలుపు ఉందన్న సంగతే తెలియదు.

ప్రభుత్వ బ్యాంకుల నియామకాల్లో రిజర్వేషన్ ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడవ పేరా వల్ల దళిత క్రైస్తవునికి ఆ ఎస్సీ హక్కు లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తెరిచిన తలుపు మనకు ఇంకా తెరవలేదు. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి.బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేశారు. ఇక ప్రైవేటు బ్యాంకుల ఇంటర్న్‌షిప్‌లో రిజర్వేషన్ అన్న మాటే లేదు. అక్కడ ఉన్నవి మంచి కాలేజీ, సొంత లాప్‌టాప్, ధారాళమైన ఇంగ్లీషు, తెలిసిన సీనియర్. వీటిని ఎవరూ రిజర్వేషన్ అనరు. గాని అవి ఎవరికి ఎక్కువగా దొరుకుతాయో మనకు తెలుసు. మన అబ్బాయికి దొరికింది ఒక సీనియర్ అక్క. ఏ వెబ్‌సైట్‌లో సాధన చేయాలో, రెజ్యూమె ఎలా రాయాలో ఫోన్లో చెప్పింది. ఆమె మన సంఘం పిల్ల కాదు. ఆ మాట రాస్తుంటే మాకు కొంచెం సిగ్గుగా ఉంది.

లోపల అతను ఏం చేశాడు? చేరే రోజునే బ్యాంకు లోపలి సంగతులు బయట చెప్పనని సంతకం పెట్టాడు. మేము అడగలేదు, అతనూ చెప్పలేదు. అలా ఉండడమే సరి. తన పని ఏ రకమైనదో మాత్రం జూలైలో యౌవనస్థుల కూటంలో చెప్పాడు. ఫోన్ ద్వారా చిన్న అప్పుల కోసం వచ్చే దరఖాస్తులను చూసే ప్రోగ్రాము ఒకటి ఉంది. దానికి టెస్టులు రాయడం అతని పని. లేని మనుషులను కల్పించాలి. ఒకరికి ఇంత జీతం, ఒకరికి ఇంత వయస్సు, ఒకరికి సొంత ఇల్లు, ఒకరికి అద్దె ఇల్లు, ఒకరికి ఈ పిన్‌కోడ్, ఒకరికి ఆ పిన్‌కోడ్. వాళ్ల దరఖాస్తులను ప్రోగ్రాములోకి పంపి, నియమంలో ఉన్నట్టుగానే జవాబు వస్తోందా లేదా అని చూడాలి. రోజుకు కొన్ని వందలమంది లేని మనుషులు అతని చేతి మీదుగా వెళ్లేవారు.

కూటంలో ఒక చెల్లెలు అడిగింది: "అన్నా, మన ఊరి పిన్‌కోడ్ వేసి చూసినావా?"

అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వును మేము వ్యాఖ్యానించబోము.

కొంతసేపటికి తనంతట తానే అన్నాడు: "నియమం పెట్టేది మేము కాదు. రిస్క్ వాళ్లు పెడతారు. దాన్ని కోడ్ చేసేది, సరిగ్గా నడుస్తోందా అని చూసేది మేము."

నిజాయితీగా చెప్పిన మాట. ఎక్కడైనా పెద్ద సంస్థలో పనిచేసే మనలో ఎవరైనా ఇదే అంటారు. ఆ మాటే మమ్మల్ని ఇన్ని రోజులు వెంటాడింది.

ఇలాంటి పిల్లలను పంపేటప్పుడు మనం దానియేలు మీద ప్రసంగం చేస్తాం. పరాయి రాజు కొలువు, పరాయి భాష, మూడేళ్ల శిక్షణ, అయినా తన దేవుణ్ణి మరువని యౌవనుడు. మంచి ప్రసంగమే, మేమూ ఎన్నోసార్లు చేశాం. ఈసారి మాత్రం యోసేపును చదవమని అడుగుతున్నాం. ఆదివారపు బడిలో చెప్పే 41వ అధ్యాయంతో ఆపకుండా, ఆదికాండం 47 వరకు.

యోసేపు కరవును ముందే లెక్కగట్టాడు. ఏడేళ్లు పంటలో అయిదవ భాగం తీసి కొట్లలో నింపాడు. దేశం బ్రతికింది, తన అన్నలు బ్రతికారు. ఇంతవరకు అందరికీ తెలుసు. కరవు ముదిరాక ఏం జరిగిందో 47వ అధ్యాయం చెబుతుంది. ధాన్యం ఊరికే ఇవ్వలేదు. మొదట ప్రజల దగ్గరున్న డబ్బంతా ఫరో ఖజానాకు చేరింది. డబ్బు అయిపోయాక పశువులు ఇచ్చారు. పశువులు అయిపోయాక పొలాలు ఇచ్చారు. చివరికి తమ్మును తామే ఇచ్చుకున్నారు. ఆ ధాన్యం వాళ్ల పొలాల్లోనే పండినది. యోసేపు దొంగ కాడు, లంచం తీసుకోలేదు, ఒక్క గింజ లెక్క తప్పలేదు. అధికారం ఫరోది, నడిపింది యోసేపు. దేశంలో ఒక్కరి భూమి మాత్రం మిగిలింది: యాజకులది. వారికి ఫరో దగ్గరి నుండి బత్తెం వచ్చేది, కాబట్టి అమ్ముకోవలసిన పని పడలేదు. వారు నోరు విప్పినట్టు కూడా ఎక్కడా లేదు. పాస్టర్లమైన మేము ఆ వచనం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

ఆ తరువాత నిర్గమకాండం మొదటి అధ్యాయం. యోసేపును ఎరుగని రాజు వచ్చాడు. భూమీ మనుషులూ ఫరోకు చెందిపోయిన ఆ దేశంలోనే యోసేపు వంశస్థులు ఇటుకలు మోశారు.

యోసేపును తగ్గించడం మా ఉద్దేశం కాదు. అతను ఆ కుర్చీలో లేకపోతే కరవులో ఎందరు మిగిలేవారు? మన పిల్లలు ఆ కుర్చీల్లోకి వెళ్లాలి, ఇంకా ఎక్కువమంది వెళ్లాలి. కోడ్ రాయడం పాపమనీ, బ్యాంకులన్నీ బబులోననీ చెప్పే ప్రసంగాలు మాకు గిట్టవు. పాత రోజులు బంగారమని కూడా అనము. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేశాక బ్రాంచీలు పల్లెలకు వచ్చాయి, నిజమే. కాని ఆనాటి మేనేజరు ఇంటిపేరు అడిగేవాడు, వాడ అడిగేవాడు, హామీ ఉండడానికి ఒక పెద్దమనిషిని తెమ్మనేవాడు. కంప్యూటరు కులం అడగదు. అది మేలే. కాని ఇల్లు సొంతమా అని అడుగుతుంది. గనులు మూతపడ్డాక కంపెనీ క్వార్టర్స్‌లోనే ఉండిపోయిన కుటుంబాలు ఆ ఇళ్ల పత్రాల కోసం ఏళ్లుగా తిరుగుతున్నాయి. ఏం పని అని అడుగుతుంది. పిన్నమ్మ బండికి జీతం చీటీ లేదు. పాత అప్పు చరిత్ర చూపమంటుంది. అప్పే పుట్టనివాళ్లకు చరిత్ర ఎక్కడిది? కులం అడగకుండానే ఆ వాడను పోల్చుకోవడానికి ఈ గడులు చాలు. అందులో ఎవరికీ దురుద్దేశం ఉండనక్కరలేదు.

బ్యాంకు కాదంటే జరిగేది మనకు బాగా తెలిసినదే. వారం వారం ఇంటి ముందుకు వచ్చే మైక్రోఫైనాన్స్. బ్యాంకు వడ్డీకి అందనంత ఎక్కువ వడ్డీ. ఒక వారం తప్పితే గుంపులోని తక్కిన ఆడవాళ్ల మీద ఒత్తిడి, ఏజెంటు నోటిమాటలు. 2010లో ఆంధ్రప్రదేశ్ దీనికి చట్టం తెచ్చింది. 2025లో కర్ణాటక కూడా బలవంతపు వసూళ్లకు వ్యతిరేకంగా ఆర్డినెన్సు తెచ్చుకోవలసి వచ్చింది. ఫోన్ తెర మీద కనిపించే 'ప్రస్తుతం మీకు రుణం ఇవ్వలేము' అన్న వాక్యానికీ, ఈ వాడల్లో రాత్రిపూట తలుపు కొట్టే చప్పుడుకీ మధ్య దూరం చాలా తక్కువ.

కాబట్టి లోపలికి వెళ్లే పిల్లలతో మేము అంటున్నది ఇది: అడగండి. ఇంటర్న్ అంటే నేర్చుకోవడానికి వచ్చినవాడు. ఈ గడి ఎందుకుంది, ఇది లేకపోతే ఏమవుతుంది, కాదన్న మనిషికి కారణం ఏమని చెబుతున్నాం, ఆ మాట అతనికి అర్థమయ్యే భాషలో ఉందా అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు. పదేళ్లు అయ్యాక, జీతం పెరిగి, ఇంటి అప్పు నెత్తి మీదకు వచ్చాక ఇదే ప్రశ్న అడగడం చాలా కష్టం. అలవాటు ఆ పది వారాల్లోనే పడాలి. మన అబ్బాయి ఒక పని చేశాడు, అది చెప్పడానికి అతని అనుమతి ఉంది. తాను కల్పించిన మనుషుల్లో బండి నడుపుకునేవాళ్లను, ఇళ్లలో పనిచేసేవాళ్లను, ఎప్పుడూ అప్పు తీసుకోనివాళ్లను కూడా చేర్చాడు. అంతకుముందు ఆ జాబితాలో దాదాపు అందరూ నెల జీతగాళ్లే. అతని మెంటర్ చూసి, బాగుంది, ఉంచు అన్నారట. నియమం మారలేదు. పరీక్షలో ఇప్పుడు వాళ్లూ ఉన్నారు. చిన్న పనే. దీన్ని మేము చిన్నదిగా చూడడం లేదు.

సంఘాలకు కూడా ఒక మాట. అద్దె అడ్వాన్సు లేక రోజుకు ఆరు గంటలు ప్రయాణంలో గడిపిన ఆ పిల్లవాడి సంఘంలోనే ఈ వేసవిలో కొత్త సౌండ్ సిస్టం కొన్నారు. పాటలు బాగా వినిపిస్తున్నాయి, కాదనము. బెంగళూరులోని మన సంఘాల్లో ఏ ఇంట్లోనైనా పది వారాలకు ఒక మంచం ఇవ్వలేరా? సంఘ భవనాలు సోమవారం నుండి శనివారం వరకు తాళం వేసే ఉంటాయి. రెండు పాత లాప్‌టాప్‌లు, ఇంటర్నెట్ పెడితే సాయంత్రాలు పిల్లలు సాధన చేసుకోరా? ఉద్యోగాల్లో ఉన్న మన అన్నలూ అక్కలూ ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట కూర్చుంటే, ఆ సీనియర్ అక్కను ఇంకెక్కడో వెతుక్కోవలసిన పని ఉండదు. చదువు ముగించి ఇంట్లో ఉన్నవారికి ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఉంది. 2024 అక్టోబరులో మొదలైనప్పుడు 21 నుండి 24 ఏళ్ల వారికి నెలకు 5,000 రూపాయలు ఇస్తామన్నారు. పూర్తికాలం చదువుతున్నవారికి అప్పుడు అది వర్తించలేదు. ఐటిఐ, డిప్లొమా, డిగ్రీ ముగించినవారు ఇప్పటి నిబంధనలు చూసుకుని దరఖాస్తు చేయవచ్చు. ఇంకొకటి: డబ్బు కట్టు, సర్టిఫికెట్ ఇస్తాం అని ఫోన్లు చేసేవాటిని ఇంటర్న్‌షిప్ అనరు. మన పిల్లల్లో కొందరు ఇప్పటికే అలా మోసపోయారు.

పిన్నమ్మ సంగతి. అబ్బాయి తన బ్యాంకులో ఏమీ చూడలేదు, చూడకూడదు కూడా. కాని జూలై కూటం తరువాత అతనూ, పిన్‌కోడ్ అడిగిన చెల్లెలూ కలిసి ఆమె ఇంటికి వెళ్లారు. అప్పు కాదన్నప్పుడు కారణం రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, మాకూ అంత స్పష్టంగా తెలియదు. ఆమె బ్యాంకుకు కన్నడంలో ఒక ఉత్తరం రాసి ఇచ్చారు. ప్రతి క్రెడిట్ సంస్థ నుండి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. అదీ తీశారు. నాలుగేళ్ల కిందట గుంపులో తీసుకుని ఆఖరి వారం దాకా కట్టేసిన మైక్రోఫైనాన్స్ అప్పు అందులో ఇంకా బాకీ ఉన్నట్టు ఉంది. పిన్నమ్మ లోపలికి వెళ్లి, బియ్యం డబ్బా అడుగు నుండి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో వారం వారం సంతకాలు పెట్టిన పాసుపుస్తకం, చివరి పేజీలో కంపెనీ ముద్ర.

దాన్ని ఫోటో తీసి, సరిదిద్దమని ఫిర్యాదు పెట్టారు. 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆ తరువాత రోజుకు 100 రూపాయల చొప్పున ఆమెకే పరిహారం ఇవ్వాలి. ఇది రాస్తున్న రోజుకు పదకొండు రోజులు అయింది. పిన్నమ్మ రోజులు లెక్కపెడుతోంది, గోడ మీది సంఘ క్యాలెండరులో.